మబ్బు పట్టిన గొట్టం

పొద్దున్నే ల్యాబులోకి రాగానే ఆయన చేసే మొదటి పని, గాజు గొట్టాలను వెలుతురుకు ఎత్తి చూడటం. గడ్డిని యాసిడ్‌లో ఉడికిస్తే రసంలోకి చక్కెరతోపాటు విషమూ దిగుతుంది. ఆ చక్కెరను ఇంధనంగా మార్చే జన్యువులను బాక్టీరియాలో అతికించింది ఆయన భార్య. విషాన్ని ఓర్చుకోవడం వాటికి నేర్పేలోగా ఆమె పోయింది. ఆ పని ఈయన నెత్తికెత్తుకున్నాడు. బాగా మబ్బు పట్టిన గొట్టంలో బాక్టీరియా బాగా పెరిగినట్టు. అందులోంచి చుక్క తీసి, విషం ఇంకాస్త ఎక్కువున్న రసంలో వేస్తాడు. పలచగా ఉన్నవి పారబోస్తాడు. ఏళ్లుగా ఇదే పని.

ఇవాళ పెద్ద ట్యాంకుతో పరీక్ష. ఇంధనం వస్తే ల్యాబు నిలుస్తుంది, రాకపోతే మూతే.

ట్యాంకులో రసం పాలలా చిక్కబడింది.

"చూశావా, మీ అక్క పిల్లలు విషాన్ని మంచినీళ్లలా తాగేస్తున్నారు," అన్నాడు మరదలితో. ఇవాళ కొలతల యంత్రం చూడటానికి వచ్చింది ఆమే.

"మీ పోలిక రాలేదు బావా. మీకు కాస్త జలుబు చేస్తే ఇల్లు పీకి పందిరేస్తారు."

తెర మీద ఇంధనాన్ని చూపే గీత లేవాల్సిన చోట లేవలేదు. ఆమె ఇంకో నమూనా పెట్టింది. అదీ అంతే.

"యంత్రం మొరాయిస్తోందేమో."

"లేదు బావా. సీసాలో కొనుక్కొచ్చిన ఇంధనం పెడితే చక్కగా చూపించింది."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. విషంలో బతకడానికే శక్తి చాలక, అవి అతికించిన జన్యువుల బరువును ఎప్పుడో వదిలించుకున్నాయి. ఇంధనం చేసేవి నెమ్మదిగా పెరిగి, పలచని గొట్టాల్లో ఉండిపోయాయి. వాటిని రోజూ తన చేత్తోనే పారబోశాడు.

"మధ్యలో ఇంధనం కొలవలేదా బావా?"

"మొదట్లో కొలిచా. తర్వాత మబ్బు చూస్తే చాలనిపించేది. బతికున్నాయిగా అనుకున్నా."

ఆమె యంత్రం ఆపేసింది.

మధ్యాహ్నానికి మూత కబురు వచ్చింది. ఫ్రీజర్లో భార్య దాచిన మొదటి నమూనాలతో సహా అన్నీ ఖాళీ చేయాలట. జన్యువులు మార్చినవి కాబట్టి ప్రాణంతో కాలువలోకి వదలకూడదు. ముందు ట్యాంకులోకి ఆవిరి పంపి చంపాలి. ఆయన ఆవిరి కవాటం మీద చెయ్యి వేశాడు గానీ, తిప్పలేకపోయాడు.

"బావా, నాకు కాస్త టీ తెచ్చిపెట్టండి," అంది మరదలు, ఆ చేతిని మెల్లగా తప్పిస్తూ. "తొందరేం లేదు."

ఆమె టీ తాగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన ఫ్లాస్కు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాడు.