ఎడ్లు వినని యాకయ్య

మొన్న జాతరలో బండ్ల పందెం చూస్తూ మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాడు. పక్కనున్న పోరగాళ్ళలో ఒకడు "తాతా, నీ ఎడ్లు పందెం ఇడిసిపెట్టి యాడికి పోయినయే?" అన్నాడు. మిగతావాళ్ళు ఇకఇకలు, పకపకలు. ఈయనేమో బోసినోటితో తానూ నవ్వి, "ఇంటికి పోయినయిరా" అన్నాడు. యాభై ఏళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. వీళ్ళ తాతలు అడిగారు, తండ్రులు అడిగారు, ఇప్పుడు సరిగ్గా మీసం మొలవని వీళ్ళు అడుగుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ నోట్ల మన్నువడ! కూసోండ్రి ఈడ" అని నలుగురినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆయన నా కొంగు లాగుతూనే ఉన్నాడు. నేను ఆగలేదు. మీకూ చెబుతాను వినండి.

మా ఆయన యాకయ్య నాకు మేనత్త కొడుకు, బావ. మాది నర్సింహులపేటకు రెండు కోసుల దూరంలో ఒక పల్లె. పదేళ్ళప్పుడే దొర గడిలో, ఆ కోటలాంటి మేడలో, జీతానికి కుదిరి పేడ ఎత్తాడు. పద్దెనిమిదేళ్ళకు దొర కోడెల జత వాడి చేతికి వచ్చింది. మైలడు, పుల్లడు వాటి పేర్లు. ఈ కాలం వాళ్ళకు తెలియదు గానీ, మా వైపు పందేలు కోడె నోరు తెరిచి, పళ్ళు చూసి కట్టేవారు. పాలపళ్ళవి ఒక పందెం, రెండు పళ్ళవి ఒకటి, తర్వాత నాలుగు, ఆరు, చివరికి నిండు పళ్ళవి. తోలేవాడు కూడా కోడెలతో పాటు ఒక్కో మెట్టే ఎక్కాలి. నిండు పళ్ళ పందెం గెలిచినవాడి పేరు అటు భూపాలపల్లి దాకా, ఇటు జనగామ దాకా చెప్పుకునేవారు. మా బావకు ఆ పేరు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు. అన్నం కూడా అక్కర్లేదు వెధవకు.

పందెం బండి అంటే ఏమనుకున్నారు? రెండు చక్రాలు, ఒక నొగ, మధ్యలో ఒక్క మనిషి కూర్చునే పలక. అంతే. నన్ను ఒక్కసారి ఎక్కించుకోమని ఎంత బతిమాలినా వినేవాడు కాదు.

"ఇది ఒక్కని బండి పిల్లా. ఇంకో మనిషి బరువు పడితే కోడెలకు తప్పుడు అలవాటయితది" అనేవాడు.

"ఎక్కనియ్యకు. నీ బండి నీ నెత్తిన వెట్టుకొని ఊరేగు" అనేదాన్ని.

అయినా సాయంత్రం బీట్లో పరుగు నేర్పి వస్తూ మా ఇంటి ముందు ఆగకుండా పోయేవాడు కాదు. నేను పిడికెడు ఉలవలు చాటలో పోసి గలగల ఆడించేదాన్ని. ఆ చప్పుడు వింటే చాలు, కోడెలు దారి మళ్ళి మా వాకిట్లోకి ఉరికేవి. అప్పుడు కుండలో నానబెట్టినవి పెట్టేదాన్ని. మా నాయిన కనకయ్య గొణిగేవాడు.

"దొర కోడెలకు మన ఉలవలేందే? గడిల గింజలకు కరువొచ్చిందా?"

"దొర కోడెలకు కాదే నాయినా, బావ కోడెలకు" అనేదాన్ని. మా నాయిన మీసంలో నవ్వుకునేవాడు.

పాలపళ్ళ పందేలు మూడు గెలిచాడు బావ. గెలిచిన తలపాగా దొర నెత్తికి, కోడెల పేడ మా బావ నెత్తికి. అయినా వాడి మొహం వెలిగిపోయేది. తర్వాతి శివరాత్రికి రఘునాథపల్లి అవతల జాతరలో రెండు పళ్ళ పందెం. కోడెలను మూడు రోజులు మెల్లగా నడిపించి తీసుకుపోయాడు. మేమూ మా బండి కట్టుకుని పోయాం. గెలిచాక కోడెలకు పెడదామని నేను చాటలో ఉలవలు పోసుకుని, పైన గుడ్డ కప్పుకుని తీసుకుపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది కదా!

ఏడు బండ్లు. సగం దూరానికే మా బావ బండి అందరికంటే రెండు బారలు ముందుంది. జనం కేకలు, ఈలలు. నాకు ఒళ్ళు తెలియలేదు. గుడ్డ ఎప్పుడు జారిందో ఏమో, చేతిలో చాట ఊపుతూ గంతులు వేస్తున్నాను. గలగల, గలగల. మైలడు చెవి తిప్పాడు. పుల్లడు మెడ తిప్పాడు. రెండూ కలిసి పందెం బాట వదిలి, జనాన్ని చీల్చుకుని, నేరుగా నా ముందుకు వచ్చి ఆగి చాటలో మూతులు పెట్టాయి. బావ పలక మీద అట్లాగే కూర్చుండిపోయాడు. జాతర జాతరంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

దొర పళ్ళు కొరుకుతూ వచ్చాడు. "ఏమాయెరా?" అంటే బావ తల వంచుకుని, "బెదిరినయి దొరా. నా చేతుల ఆగలే" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. చెప్పుతో కొట్టినా ఎత్తలేదు. కోడెలను ఇంకొకడికి ఇచ్చి, బావను మళ్ళీ పేడతట్టకు పంపారు. 'ఎడ్లు వినని యాకయ్య' అన్న పేరు ఆ రోజే పడింది.

తిరిగొచ్చేటప్పుడు మా బండిలో నేను ఏడుస్తుంటే, పక్కన నడుస్తూ బావ, "ఏడువకు పిల్లా. పేరేడికి పోతది? నాలుగు పండ్లొచ్చినంక మల్ల తెచ్చుకుంట" అన్నాడు.

ఏడాది గడిచింది. ఈలోపు ఊళ్ళు మారిపోయాయి. దొరల మీద పోరాడే సంఘం వచ్చింది, వెట్టి చేయబోమని జనం ఎదురు తిరిగారు. మా అన్న వెంకన్న తుపాకీ పట్టి సంఘం దళంలోకి పోయాడు. దొర నిజాం తరపు రజాకార్లను పిలిపించి గడిలోనే దించుకున్నాడు. వాళ్ళు ఇల్లిల్లూ దూరి దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోయారు. మా ఇంట్లో జొన్న గింజ లేదు, ఉలవ గింజ లేదు. ఖాళీ కుండలు బోర్లించి పెట్టుకున్నాం.

ఆ మాఘమాసంలో ఒకరోజు బావ ఎగురుకుంటూ వచ్చాడు. కొత్తవాడి చేతిలో కోడెలు ఒక్క పందెమూ గెలవలేదట. దొర మళ్ళీ బావనే పిలిచి, "ఉగాదికి మానుకోటల నాలుగు పండ్ల పందెం నువ్వే తోలు. ఈసారి ఇవి దారి తప్పినయంటే మాత్రం, బతికున్నన్ని రోజులు నా బండి పలక మీద కూసుండవ్" అన్నాడట. చుట్టుపక్కల అన్ని గడీల్లోనూ ఒకడు కాదన్నవాడిని ఇంకొకడు ముట్టుకోడు. అది బావకూ తెలుసు.

"ఈసారి చాట ఇంట్ల పెట్టి రావే తల్లీ" అని దండం పెట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ మరుసటి రోజే మధ్యాహ్నం చొప్ప తేవడానికి చేనికి పోతే, చొప్పకుప్ప వెనక మా అన్న పడి ఉన్నాడు. తొడలో తూటా. ధోవతి అంతా నెత్తురు. తెల్లవారుజామున వాగు దగ్గర కాల్పులు జరిగాయట, పాకుకుంటూ అక్కడిదాకా వచ్చాడు.  బీట్లో బావ కోడెలకు పరుగు నేర్పుతున్నాడు. పడుతూ లేస్తూ పోయి చెప్పాను.

బావ కోడెలను చూశాడు, పలకను చూశాడు. నన్ను ఒక్కసారి కూడా ఎక్కనివ్వని పలక అది.

"దీని మీద పండుకోబెడుదాం. నువ్వు అడ్డదారిన ఇంటికి ఉరుకు. తుల్సీబాయిని పిలువు" అన్నాడు.

తుల్సీబాయి మా ఇంటి వెనక వాగు దాటితే ఉండే తండా మనిషి. విరిగిన ఎముకలు కట్టడం, పుండ్లకు పసరు పోయడం ఆమెకు తెలుసు. మా అవ్వ బతికున్నప్పుడు ఇద్దరూ ఒకే ప్రాణంగా ఉండేవాళ్ళు. నేను ఇంటికి చేరేసరికి మా నాయిన నా మొహం చూసే అర్థం చేసుకుని, వాగు ఒడ్డున నిలబడి తుల్సీబాయిని కేకేశాడు.

తర్వాతి ముక్క బావ నాకు చెప్పింది. మా అన్నను మోకాళ్ళు గడ్డానికి ఆనించి పలక మీద ముడిచి పడుకోబెట్టి, తాడుతో కట్టి, పైన జొన్నచొప్ప కప్పాడు. తనకు కూర్చునే చోటు లేదు. ముకుతాళ్ళు పట్టుకుని పక్కనే నడుస్తూ దారిలోకి వచ్చాడు. కొంచెం దూరం పోగానే ఎదురుగా నలుగురు రజాకార్లు. ఆగితే చొప్పలో బల్లెం గుచ్చి చూస్తారు. వెనక్కి తిప్పితే అనుమానం. ముందు దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే గడి, కుడికి పోతే మా ఇల్లు.

బావ ముకుతాళ్ళు వదిలేశాడు. పుల్లడి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. కోడెలు దుమ్ము లేపుకుంటూ ఉరికాయి. వెనక ఈయన గుండెలు బాదుకుంటూ పరుగు. "పట్టుకోండ్రయ్యా! కోడెలు ఇడిసికొనిపోయినయి! దొర నన్ను సంపుతడు!"

రజాకార్లు చటుక్కున పక్కకు దూకారు. దుమ్ములోంచి బావను చూసి గుర్తుపట్టారు. రఘునాథపల్లి జాతర సంగతి తెలియనివాడెవడు? "అరే, గీడు ఎడ్లు వినని యాకయ్యరా!" అని ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బండి వైపు ఎవడూ చూడలేదు. నలుగురినీ నవ్వించిన ఆ పేరే మా అన్నకు కాపుగా అడ్డం నిలబడింది.

నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. దూరంగా దుమ్ము, దుమ్ములో కోడెలు, పలక మీద చొప్ప. తోలేవాడు లేడు.  ఏడాదిగా వాటికి తిండి పెడుతున్నది గడి. నా చేతి మేత మరిచిపోయి ఉంటాయి. ఎడమకు తిరిగితే మా అన్న నేరుగా దొర కొట్టంలోకి, రజాకార్ల మధ్యకు పోతాడు.

ఇంట్లోకి దూకి చాట అందుకున్నాను. వెయ్యడానికి ఏముంది? గూట్లో వామనగుంటలు ఆడుకునే చింతగింజలు కనిపించాయి. అవే గుప్పెడు పోసుకుని బయటికొచ్చి ఊపాను. "మైలా! పుల్లా! రాండ్రి నా తండ్రీ!" గొంతు పగిలేలా అరిచాను. ఏడుస్తూ ఊపాను.

కోడెలు చీలిక దగ్గర ఒక్క క్షణం ఎడమకు ఒరిగాయి. తర్వాత మైలడు చెవి తిప్పాడు. పుల్లడు మెడ తిప్పాడు. జాతరలో తిప్పినట్టే. కుడికి మళ్ళి నేరుగా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి. మా నాయినా, అప్పటికే చేరిన తుల్సీబాయీ అన్నను దించి వెనక నుంచి వాగులోకి తీసుకుపోయారు.

పుల్లడు చాటలో మూతి పెట్టి, చింతగింజలు నోట్లోకి తీసుకుని, నా మొహంలోకి చూశాడు. ఇంత మోసం చేస్తావా అన్నట్టే ఉంది. వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. ఇంతలో బావ రొప్పుతూ వచ్చాడు. అన్న లేని బండి చూసి ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. నెత్తురంటిన చొప్ప ఏరి పారేసి, నీళ్ళతో పలక కడిగాడు.

"గడికి పోకు బావా, సంపుతరు" అన్నాను.

"పోకుంటెనే సంపుతరు. మీ ఇల్లు వెతుకుతరు" అని పలకెక్కి పోయాడు.

గడిలో రజాకార్లు అప్పటికే ఆ సంగతి చెప్పి నవ్వుతున్నారు. దొర కొట్టిన దెబ్బలకు బావ పది రోజులు బోర్లా పడుకున్నాడు. మానుకోట పందెం ఇంకొకడు తోలాడు. ఆ తర్వాత ఏ గడీ మా బావను బండి ముట్టనివ్వలేదు. దొరలు పోయారు, రజాకార్లు పోయారు. ఆ పేరు మాత్రం పోలేదు.

మా అన్న కాలు నయమయ్యాక భూపాలపల్లి అడవుల్లోకి పోయాడు. తిరిగొచ్చి, కుంటుకుంటూనే మా పెళ్ళి చేశాడు. పోయిన ఏడు చనిపోయే దాకా బావ చేయి పట్టుకుని, "నేనే ఊరందరికీ చెప్తరా యాకన్నా" అనేవాడు. ఈయన చెప్పనిచ్చేవాడు కాదు. "నీ కుంటికాలు జూపి నేను పేరు దెచ్చుకోవాల్నా బావా?" అనేవాడు.

జాతరలో పోరగాళ్ళు అంతా విన్నారు. మీసం మొలవనివాడు లేచి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. ఈయన మాత్రం ఇంటికొచ్చాక నాతో మాట్లాడటం మానేశాడు. మూడు రోజులు. అన్నం పెడితే తినడం, చెంబు ఇస్తే తాగడం. అంతే.

నాలుగో రోజు నేనే తగ్గాను. ఎదురుగా కూర్చుని, "నిన్ను అడగకుంట చెప్పిన, తప్పే. ఇంకొకటి గూడ చెప్పాలె. ఆ పోరగాళ్ళకు గూడ చెప్పలే. ఆ దినం చాటల ఉలవలు లేకుండె. చింతగింజలు పోసి మోసం చేసిన. యాభై ఏండ్లాయె, నీ కోడెలను మోసం జేసిన అని నీకు చెప్పనీకె నోరు రాలే" అన్నాను. చెబుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఆయన ముద్ద నమలడం ఆపాడు.

"నాకెరుకనే" అన్నాడు. "గడి ముంగట పుల్లని దవడల నుంచి గింజలు తీసింది నేనే. గడిల ఎవడన్న జూస్తె నువ్వు పిలిచినవని తెలుస్తదని, పారేసే సందు లేక నా బుగ్గల దాసుకున్న. దొర కొడుతుంటె గూడ నా నోట్లనే ఉండె."