పాదరసం ఎక్కడ ఆగింది

నేను ఒక బీపీ మిషన్‌ని. పాదరసం పోసిన పాతరకం. ఇనుపపెట్టెలో గాజుగొట్టం, దాని పక్కన అంకెలు, చేతికి చుట్టే గుడ్డపట్టీ, నొక్కే రబ్బరు బుడ్డి. అంతే నేను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. అది మనుషుల విద్య.

పట్నంలో ఒక డాక్టరు కొత్త మిషన్ కొనుక్కొని నన్ను అటక మీదికి తోస్తే, ఆయన దగ్గర కాంపౌండరుగా చేసిన సోమనర్సయ్య అడిగి తెచ్చుకున్నాడు. ఊరికి పోయి ఆర్ఎంపీ అయ్యాడు. నన్ను మోపెడ్ మీద పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు.

అరవై దాటాక ఆయన చూపు నడిమధ్యలో మసకబారింది. అంచులు కనబడతాయి, సూటిగా చూసినదే కనబడదు. నేనేమో సూటిగా చూసి చదవాల్సినదాన్ని. ఆయన ఎవరికీ చెప్పలేదు. కళ్లు లేని డాక్టరు దగ్గరికి ఎవడొస్తాడు? నా వైపు మొహం తిప్పి, "మంచిగనే ఉన్నది, నూట ముప్పై" అనేవాడు. జనం మురిసిపోయారు. "దవాఖానకు పోతే రెండొందలంటరు. గీ సారు చెయ్యి పడితే దిగుతది" అంటూ పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. నిజం చెప్పేవాడికి ఏనాడైనా ఇంత గిరాకీ ఉందా?

ఆయన భార్య కౌసల్యకు బీపీ. ఆదివారం ఆదివారం నా పట్టీ ఆమె చేతికి చుట్టేవాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టంలో పాదరసం ఎగురుతుంది. ఆ ఎగురుడు ఏ అంకె దగ్గర మొదలైతే అదే బీపీ అని, ఇన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషి, ఆమెకు తెలుసు. ఒక ఆదివారం అది నూట తొంభై దగ్గరే మొదలైంది. ఆమె చూసింది.

"నూట ముప్పై. గోళీ ఇగ సగమే ఏస్కో" అన్నాడాయన.

ఆమె నా వంక చూసింది. ఆయన కళ్ల వంక చూసింది. "డాక్టరు మొగడున్నంక నాకేం రోగమొస్తదయ్యా" అని నవ్వింది.

చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో నా గొట్టంలో కనబడుతూనే ఉంది. ఆమె సగం గోళీయే మింగింది.

వానాకాలం ఒక పొద్దున పొయ్యి దగ్గర ఆమె మూతి వంకరపోయింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. పెద్దాసుపత్రిలో బీపీ రెండొందలు దాటిందని సోమనర్సయ్యకు చదివి చెప్పారు.

ఇప్పుడు జనం రారు. పాదరసం విషమట, నన్ను పారేయాలట. ఎవరో చెప్పిపోయారు. ఆ ఇంట్లో విషమంతా నా దగ్గరే ఉన్నట్టు.

నిన్న ఆయన తడుముకుంటూ నన్ను తీసి, పట్టీ తన చేతికే చుట్టుకున్నాడు. బుడ్డి నొక్కాడు. నన్ను ఆమె మంచం వైపు తిప్పాడు.

"నాకు కనబడ్తలేదే, కౌసల్యా. ఎక్కడున్నది?"

మొట్టమొదటిసారి అడిగాడు. పాదరసం ఎగురుతూనే ఉంది. ఆమె చూసింది. పెదవులు ఆడించింది.

ఆయన చెవి ఒగ్గి కూర్చున్నాడు.