ఉంచమంటారా, తీసెయ్యమంటారా

డాక్యుమెంటరీలు తీసీ తీసీ అరిగిపోయిన మనిషి. నడివయసు దాటాక గానీ కథా సినిమా చేతికి రాలేదు, అదీ నిర్మాత స్వయానా బావమరిది కాబట్టి. ఆ పెద్దమనిషి పొద్దున్నే తేల్చి చెప్పేశాడు: "బావా, ఈ ఏడుపు సీను ఇవాళ పండకపోతే రేపట్నుంచి వేరే డైరెక్టరు వస్తాడు. అక్కకి నువ్వే చెప్పుకో."

సీను చిన్నదే. కొడుకు పోయాడన్న కబురు విని తల్లి కూలబడాలి. తల్లి వేషం వేసిన పెద్దావిడ ఏడవడంలో చెయ్యి తిరిగిన నటి. ఎన్నిసార్లు తీసినా అదే ఏడుపు, జనం చూసి చూసి విసిగిపోయిన ఏడుపు. నిర్మాత ఆవలించాడు. దర్శకుడు ఉసూరుమంటూ కుర్చీలో చేరగిలబడ్డాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, కెమెరా ఆపమనడం మరిచిపోయాడు.

అయిపోయిందనుకుని ఆవిడ గడప మీద కూర్చుంది. బట్టలు చూసే అమ్మాయి మంచినీళ్లిచ్చి, "ఎంత బాగా ఏడ్చారండీ!" అంది.

"ఏం బాగులే! మావాడు నిక్షేపంగా ఉన్నాడు. నేనే పోయానని అందరికీ చెప్పుకుంటున్నాడట," అంటూ ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. మొహం అలాగే ఉండిపోయింది.

తెర మీద అది చూసి నిర్మాత ఎగిరి గంతేశాడు. "పండింది బావా! మాటలు కోసేసి మొహం వాడుకుందాం. గండం గట్టెక్కావు పో!"

నిజమే. అంతకన్నా మంచి షాటు అతనికి జన్మలో దొరకలేదు. కానీ మొదట్నుంచీ అతనికో పద్ధతి ఉంది. ఎవరిని తీశాడో వాళ్లకే చూపించి, ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడుగుతాడు. వద్దన్నది వాడడు.

"ఆవిడ సంతకం పెట్టింది, మహానుభావా! అడిగి నెత్తిమీదకు తెచ్చుకోకు," అని నిర్మాత మొత్తుకున్నాడు.

అడగకూడదనే అనుకున్నాడు. ఒంట్లో ఓపిక లేదు, ఇంటికెళ్లి పడుకుంటే చాలనిపించింది. అయినా ఆ దిక్కుమాలిన కాళ్లు ఆవిడ దగ్గరికే నడిచాయి.

ఆవిడ చివరిదాకా చూసింది.

"మాటలు తీసేస్తామమ్మా," అన్నాడు.

"మొహం ఉంటుందిగా. మావాడు చూస్తే అది తన గురించేనని పోల్చుకుంటాడు. తీసెయ్యి నాయనా."

ఆవిడ కళ్లముందే చెరిపేశాడు. నిర్మాత తల పట్టుకున్నాడు.

"నా వల్ల నీకు మాట రాకూడదు. ఇంకోసారి చేస్తాను," అని ఆవిడ నడుం పట్టుకుని లేచింది. ప్రాణం పెట్టి ఏడ్చింది. ఇందాకటి ఏడుపే, చుక్క తేడా లేదు. నిర్మాత ఫోను చెవిన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

"ఈసారి నిజంగా వచ్చింది కదూ?" ఆవిడ ఆశగా అడిగింది.

ఇన్నేళ్లలో కెమెరా పక్కన నిలబడి అతను అబద్ధమాడింది లేదు.

"నిజంగా వచ్చిందమ్మా," అన్నాడు.