అయిదూ పదికి తెరిచిన ఉత్తరం

ఎల్సిరా టేపు చక్రాన్ని యంత్రానికి తగిలించి, టేపు కొసను గోటితో సర్ది, తలుపు మూసింది. చక్రం రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఊగి పట్టు చిక్కించుకుంది. అది సాఫీగా తిరిగేదాకా ఆమెకు ఊపిరాడదు. పదకొండేళ్లలో ఒక్క టేపూ తెగలేదు. అయినా ఇవాళ తెగుతుందనే రోజూ అనుకుంటుంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, చేతివేళ్లు మాత్రం పొడుగు. యంత్రాల గదిలో చలికి గౌను మీద రెండు స్వెట్టర్లు వేసుకుంటుంది. బయట లా సెరేనా పట్టణపు వీధుల్లో సముద్రపు మంచు ఇంకా విడలేదు. ఇంత మంచులో రాత్రి షిఫ్టు వాళ్లతో కొండ మీంచి దిగే వ్యాను ఏ మలుపులో ఏమవుతుందో! గుండె మీద శిలువ గుర్తు వేసుకుని రెండో టేపు అందుకుంది.

కొండ మీది వేధశాలలో నలభై కంప్యూటర్లున్నాయి. ఏ ఫైలును ఎవరు ఎప్పుడు తెరిచారు, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా చదివారు, ఎప్పుడు మూశారు, ఎప్పుడు చెరిపేశారు, ఆ జాడలన్నీ తీగ మీదుగా ఈ గదికి వస్తాయి. వాటిని టేపులకెక్కించి, పట్టీలుగా అచ్చు తియ్యడం ఆమె పని. రాజధాని సాంతియాగో నుంచి వచ్చిన డాక్టర్ మరిత్సా ఆ పట్టీలు చదివి, కొత్త డిస్కులు ఎంత పెద్దవి కావాలో తేలుస్తుంది. పట్టీల్లో మనుషుల పేర్లుండవు, అంకెలే. ఎల్సిరా అంకె పన్నెండు.

కూతురు యెస్నా ఆ కొండ మీదే రాత్రి షిఫ్టులో టెలిస్కోపు నడుపుతుంది. ఏడు నెలలుగా మాటల్లేవు. తప్పు ఎల్సిరాదే. ఒక రాత్రి పిల్ల ఫోను ఎత్తలేదని కాపలావాణ్ని బతిమాలి టెలిస్కోపు గోపురం పైకి పంపింది, బతికుందో లేదో చూసి రమ్మని. అతను తలుపు తియ్యగానే లోపల వెలుగు పడింది. ఎవరో దూరదేశపాయన మూడు రాత్రులు కాచుకున్న ఫొటో కాస్తా తెల్లబారి పాడైంది.

"ఇంక నాకు ఫోను చెయ్యకమ్మా," అంది యెస్నా మర్నాడు. "నేను చస్తే వాళ్లే చెబుతార్లే."

అందుకే ఫోను మానేసి ఉత్తరం రాసింది. దాన్ని కొండ మీది కంప్యూటర్లో ఫైలుగా పెట్టి, తానూ కూతురూ తప్ప ఎవరూ తెరవకుండా తాళం వేసింది. రోజూ పొద్దున దానికి ఒక ముక్క కలుపుతుంది. గుమ్మడికాయ ఉడకలేదనో, పక్కింటి కుక్క ఈనిందనో. మర్నాటి పట్టీలో ఆ ఉత్తరం వరుస వెతుకుతుంది. వేకువన అయిదూ పదికి తెరిచారు. మొదటి నుంచి చివరిదాకా చదివారు. మూశారు. తెరిచినవారి అంకె: సున్నా.

తెరవగలిగేది ఇద్దరే. తాను పన్నెండు. మరి సున్నా యెస్నా కాక ఇంకెవరు? షిఫ్టు దిగి, పడుకోబోయే ముందు అమ్మ ఉత్తరం చదువుకుంటోంది పిచ్చితల్లి. ఆ ఒక్క వరుస చూసుకుని ఎల్సిరా ఏడు నెలలు రాత్రుళ్లు నిద్రపోగలిగింది.

మధ్యాహ్నం మరిత్సా కళ్లజోడు నుదుటికి ఎక్కించి లోపలికొచ్చింది. ఫ్యాన్ల హోరులో గొంతు పెంచింది.

"ఎల్సిరా గారూ, ఈసారి సున్నాలన్నీ తీసేసి మళ్లీ అచ్చు వెయ్యండి. మొదటి నుంచీ."

"తియ్యడమెందుకండీ? పాపం, రోజూ శ్రద్ధగా చదువుతోంది కదా."

"ఎవరు?"

"ఆ సున్నా అమ్మాయే."

మరిత్సా పకపకా నవ్వింది. "అమ్మాయి కాదండీ బాబూ, యంత్రం! వేకువనే లేచి, ముందురోజు మారిన ఫైళ్లన్నీ తెరిచి నకలు తీసుకుంటుంది. దాన్ని ఏ తాళమూ ఆపదు."

"మారినవేనా?"

"మారనిదాన్ని ముట్టనే ముట్టదు. మా ఆయన లాగే, ఒళ్లొంగదు."

ఎల్సిరా కూడా నవ్వింది, డాక్టరమ్మ నవ్వింది కదాని. తను రోజూ ఒక ముక్క కలుపుతోంది గనకే అది రోజూ తెరుచుకుంది. కలపకపోతే ఆ మాత్రం దిక్కూ ఉండేది కాదు.

అచ్చుయంత్రం గరగరలాడుతూ కాగితం కక్కింది. ఆమె వేలు పెట్టి వరుసలు దిగింది. ఫిబ్రవరి ఖాళీ. మార్చి ఖాళీ. ఏప్రిల్, మే, జూన్, జులై, ఆగస్టు. రెండు వందల వేకువలు పోయాయి. తన పన్నెండే మిగిలింది, గోడతో మాట్లాడే మనిషిలా.

ఆఖరి కాగితం మీద వేలు ఆగింది. నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి. అంకె అరవై మూడు, యెస్నాదే కావాలి. మొదటి నుంచి చివరిదాకా. మళ్లీ తెరిచి, చివరి ముక్క మాత్రమే. మళ్లీ చివరి ముక్కే.

నిన్న పొద్దున తాను కలిపిన ముక్క అది. 'నిన్ను కాపలా కాయడం నా జబ్బు తల్లీ, నీ తప్పు కాదు. ఎక్కడికి పోవాలనుంటే అక్కడికి పో. చేరానని చెప్పకపోయినా సరే.'

దాని కింద, అదే అంకె చెరిపేసిన ఫైళ్లు. ఒకటి, పది, మూడు కాగితాల నిండా. తన పేర ఉన్నవన్నీ చెరిపేసుకుంది పిల్ల.

అన్నీ చెరిపేసుకునేది ఎవరు? చావబోయేవాళ్లే కదూ! ఎల్సిరా కాగితాలు అక్కడే పడేసి ముందు గదిలోకి పరుగెత్తింది. అక్కడి గుమస్తా నెల్డా ముందున్న ఫోను లాక్కుంది.

"ఎవరికక్కా, కొండకా?" అంది నెల్డా. "మీ పిల్ల ఇందాకే వచ్చెళ్లిందిగా, పెట్టె పట్టుకుని."

"వచ్చిందా? ఇక్కడికా?"

"లేచి పిలవబోతే చెయ్యి పట్టుకుని కూచోబెట్టేసింది. 'అమ్మ మొహం చూస్తే బస్సెక్కలేను పిన్నీ' అంది. ఉత్తరాన అంతోఫగస్తా వైపు ఏదో కొండ మీద పనట. ఒకటిన్నర బస్సు."

గడియారంలో రెండుంపావు.

"ఏమన్నా తిన్నదా?"

"నా రొట్టెలో సగం లాక్కుని తిన్నది. అవకాడో ఉన్న సగం!"

అర్ధరాత్రి దాటేదాకా ఎడారి దారి. డ్రైవరు కునుకు తీస్తే? బస్టాండు నంబరు ఎల్సిరాకు నోటికొచ్చు. మొదటి మూడంకెలు తిప్పింది. తరవాత వేలు తీసేసి, రిసీవరు మెల్లగా పెట్టేసింది.

"నీకిమ్మంది," అంటూ నెల్డా సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

గోపురం చీకట్లో కళ్లు చెదరకుండా అద్దానికి ఎర్ర కాగితం అతికించిన, యెస్నా చిన్న టార్చి. స్విచ్చు వేసే ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో, అరచెయ్యి అడ్డం పెడితే తప్ప, ఆ ఎరుపు కనిపించడం లేదు.