విప్పని సద్దిమూట

ఇప్పుడే చెప్తున్నాను, నమ్మనివాళ్లు ముందే లేచి పొండి. మధ్యలో ముసిముసి నవ్వులు నవ్వితే ఊరుకునే మనిషిని కాను. నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉన్నా, హన్మకొండ గుళ్లో వెయ్యి స్తంభాల్లో ఒకటి తగ్గిపోతుంది. పోయి లెక్కపెట్టుకోండి. నేను రెండుసార్లు లెక్కపెట్టి, సరిపోయాకే నోరు విప్పుతున్నాను.

వరంగల్‌లో, పోచమ్మమైదాన్ దగ్గర, సారంగపాణి కిరాణా దుకాణం. పొద్దున ఆరింటికి షట్టర్ లేస్తుంది, రాత్రి తొమ్మిదింటికి దిగుతుంది. ఇరవై ఆరేళ్లలో అది లేవని రోజు లేదు. ఆ చప్పుడు విని ఆ వాడ కోళ్లు కూసేవి తప్ప, కోడి కూత విని సారంగపాణి లేచింది లేదు. క్వింటాలు చక్కెర బస్తాను చిటికెన వేలితో లేపి, రెండో చేత్తో మీసం దువ్వుకునేవాడు. పొట్లం కట్టేటప్పుడు పైన దారం ఉండ ఎంత జోరుగా తిరిగేదంటే, కింద నిలబడ్డవాళ్లకు ఫ్యాను వేసినంత గాలి. నేను నిలబడ్డాను, నాకు జలుబు కూడా చేసింది.

ఆయన భార్య సుభాషిణి ఆయన్ను అడిగింది జన్మలో ఒక్కటే. జెయింట్ వీల్ ఎక్కాలని. పెళ్లైన కొత్తలో ఎగ్జిబిషన్‌కు పోయి, టికెట్లు కొని, లైన్లో నిలబడి, ఇంకో ఇద్దరి తరువాత తమ వంతు అనగా, దుకాణం ముందర చక్కెర లారీ ఆగిందని కబురొచ్చింది. సారంగపాణి ఉరికాడు. ఆమె ఒక్కతే ఎక్కలేదు. "రేపు పోదాం" అన్నాడు. ఆ రేపు ఇరవై ఆరేళ్లు నడిచింది.

చివరికి ఏమనుకున్నాడో ఏమో, ఉగాదికి సరిగ్గా వారం ముందు, ఒక బుధవారం దుకాణం బందు పెట్టి హైదరాబాద్ దాపున ఉన్న పెద్ద థీమ్ పార్కుకు తీసుకుపోతానన్నాడు. గోపాల్ వ్యాను మాట్లాడారు. సుభాషిణి తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది, దొండకాయ వేపుడు చేసింది. మూడంతస్తుల టిఫిన్ క్యారియర్‌లో సర్ది, తువ్వాలలో పెట్టి, మొగుని పేరు తలుచుకొని ముడి వేసింది.

ఆమె పుట్టిల్లు పరకాల. వాళ్లింట్లో ఒక కట్టడి ఉంది. ప్రయాణానికి సద్ది ఎవరి పేరున కడితే వాళ్లే మొదటి ముద్ద తినాలి. అదీ ఊరు దాటాకే. ఇంట్లో విప్పకూడదు. "సద్ది విప్పేదాంక మనిషి బాట మీదున్నట్టే" అనేది వాళ్ల నాయనమ్మ.

గోపాల్ వచ్చాడు కానీ వ్యాను తేలేదు.

"ఏడికి పోతరు సేటూ? పార్కులన్నీ బందు పెట్టి మూడొద్దులాయె. కరోనా అంట. మీకు పేపర్ రాలేదా?"

పేపరు వచ్చింది. ఆ వార్త ఉన్న కాగితాన్ని సారంగపాణే నాలుగు ముక్కలు చేసి, జీలకర్ర పొట్లాలు కట్టి వాడంతా పంచాడు. ఊరందరికీ తెలిసింది, కట్టినాయనకు తప్ప.

"ఎన్నిరోజులు బందట?" అని అడిగింది సుభాషిణి.

"నెలాఖరు దాంక అంటాండ్రు వదినా. ఫికర్ చెయ్యకుండ్రి, ఒకటో తారీకు పొద్దుగాలనే వస్త."

సుభాషిణి మూటను వంటింటి అరుగు మీద పెట్టింది. విప్పలేదు. సారంగపాణి పోయి షట్టర్ లేపాడు.

ఒకటో తారీకుకు దేశమంతా తాళం పడింది. పదిహేను అన్నారు. మే నాలుగు అన్నారు. రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, తేదీలు మాత్రం ఏ స్టేషన్లోనూ ఆగకుండా పోతూనే ఉన్నాయి. మధ్యలో ఒక రెండు నెలలు పార్కు తెరిచారట. అప్పుడు గోపాల్‌కు జ్వరం. గోపాల్ లేచేసరికి మళ్లీ బందు.

మూట మాత్రం చల్లారలేదు.

కట్టిన మూడో రోజే, దుకాణం మెట్ల మీద ఆకుకూరలమ్మే కట్టమ్మ మంచినీళ్లకని వంటింట్లోకొచ్చి దాని మీద చెయ్యేసింది.

"అక్కా, ఇది ఇంక కాకనే ఉన్నదేందే?"

"ఊ, ఉన్నది."

"పులిహోరేనా?"

"పులిహోరే."

"అయితే నా రొట్టె జర దీని మీద పెడత. సల్లగై అట్టలెక్కయ్యింది."

అంతే. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటివాళ్లు పసిపిల్ల పాలసీసా తెచ్చి దానికి ఆనించి పెట్టుకున్నారు. చలికాలంలో పిల్లి దాన్ని చుట్టుకొని పడుకుంది. సారంగపాణి పొద్దున షట్టర్ లేపేముందు రెండు చేతులూ దాని మీద పెట్టి, వేళ్లు సాగదీసుకొని పోయేవాడు. వానల్లో వాడవాళ్లంతా బట్టలు దాని ముందరే ఆరేసుకున్నారు. నా ధోవతి పావుగంటలో ఆరింది, ఇస్త్రీ కూడా అయింది.

సుభాషిణి మాత్రం రోజుకోసారి ముడి తుడిచి, "రేపు" అని మళ్లీ అక్కడే పెట్టేది. ఆ రేపు అనడానికి కూడా ఆమెకు ఓపిక అయిపోతూ వచ్చింది.

రెండో ఏడు ఎండాకాలం వచ్చింది. ఊరంతా తలుపులు వేసుకున్నా కిరాణా దుకాణం వేసుకోలేదు. పొద్దున తెరవనిచ్చే ఆ నాలుగు గంటల్లోనే అందరూ వచ్చి మీద పడేవాళ్లు. చక్కెర బస్తాను చిటికెన వేలితో లేపిన మనిషి, ఒకనాడు కిలో బెల్లం తూచి, తక్కెడ పక్కనే కూలబడ్డాడు.

ఏ దవాఖానలో చేర్చారో చెప్పను, అడగకండి. లోపలికి మనుషుల్ని రానివ్వరు. సుభాషిణి కొత్తవాడ జంపఖానా ఒకటి చంకన పెట్టుకొని, ఇంకో చేత్తో మూట పట్టుకొని బయలుదేరింది.

"మూటెందుకక్కా?" అంది కట్టమ్మ.

"గడప దాటి పోతాండు గదా. సద్ది లేకుంట ఎట్ల పోతడు?"

దవాఖాన ప్రహరీ గోడ కింద జంపఖానా పరిచింది. ఆమెలాంటివాళ్లు గోడ పొడుగునా కూర్చుని ఉన్నారు. లోపల తమవాళ్లు ఎట్లా ఉన్నారో ఒక్కరికీ తెలియదు. ఫోన్ ఎత్తరు, ఎత్తితే చెప్పరు. సుభాషిణికి ఒక్కదానికే తెలిసేది. ఒడిలో మూట పెట్టుకొని కూర్చునేది.

"మీ ఆయనకెట్లున్నదమ్మా?" అనేవాళ్లు పక్కవాళ్లు.

"పొద్దుగాల గోరువెచ్చగున్నడు. ఇప్పుడు జర నయం."

"మా ఆయన సంగతి సుత చూడరాదు?" అని ఒకామె మూట మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. అది ఒక్క మనిషి పేరున కట్టిన సద్ది. ఇంకొకళ్ల సంగతి దానికి తెలియదు. ఆమె చెయ్యి తీసేసుకొని, గోడకు ఆనుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి పిలిచారు. "సారంగపాణి మనుషులెవరు?"

సుభాషిణి లేచి పోయింది. లోపలి మనిషి తలెత్తకుండానే కాగితం ముందుకు తోశాడు. ఆయన వెనకాల స్ట్రెచర్ మీద, తలనుంచి కాలిదాకా చుట్టేసి, ఎవరో ఉన్నారు. కాగితం మీద సారంగపాణి పేరుంది.

సుభాషిణి కాగితం చూసింది. స్ట్రెచర్ చూసింది. మూట మీద అరచెయ్యి పెట్టింది.

"ఈయన మా ఆయన గాదు."

"అమ్మా, పొద్దటి సంది నాకిది పద్నాలుగో కాయితం. నీతోని కొట్లాడే ఓపిక నాకు లేదు. సంతకం పెట్టు."

"నాకు సుత ఓపిక లేదు బిడ్డా. కని ఈయన మా ఆయన గాదు. ఇగో, సద్ది కాలుతాంది."

ఆ మనిషి మొదటిసారి తలెత్తాడు. డ్యూటీ దిగి పోతున్న నర్సును పిలిచాడు. ఆమె పేరు లిదియా. పన్నెండు గంటలు ఆ ప్లాస్టిక్ తొడుగులో ఉండి, ఇంకా విప్పలేదు. వచ్చి, మూట మీద చెయ్యి పెట్టింది. అట్లాగే కాసేపు ఉంచింది.

"రెండు గ్లౌజుల మీదికెల్లి తెలుస్తాంది" అంది. "ఏ ఫ్లోర్ల ఉన్నడో చెప్తదా నీ మూట?"

"చెప్పదమ్మా. ఉన్నడని చెప్తది."

"సరే. ఉన్నడంటే దొర్కుతడు."

ఇంటికి పోవలసిన మనిషి వెనక్కి తిరిగి మెట్లెక్కింది. లిఫ్టు లేదు. ఒక్కో మంచం దగ్గర ఆగి, ఒక్కో మొహం మీదికి వంగి, పేరు అడుగుతూ పోయింది. నూట ఎనభై పడకలు చూసిందని నేనంటాను. ఆమె మాత్రం అంత లేదంటుంది. మూడో అంతస్తులో, మెట్ల పక్కన సందులో, ఒక చక్రాల మంచం. దానికి ఇంకెవరిదో పేరు వేలాడుతోంది. లెక్కలో అక్కడ మంచమే లేదు కనుక ఆక్సిజన్ సిలిండర్ మార్చడానికి ఎవరూ రాలేదు. ముల్లు సున్నా దగ్గర వణుకుతోంది.

"అయ్యా, మీ పేరేంది?"

పెదవులు కదిలాయి. పేరు రాలేదు. "చక్కెర లారీ" అన్నాడు.

లిదియా కొత్త సిలిండర్ తగిలించి, కిందికొచ్చి ఆ మాటే చెప్పింది. "ఆయనే" అంది సుభాషిణి.

కింద కాగితం మీద పేరు మారింది. గోడ పొడుగున కూర్చున్నవాళ్లలోంచి ఒకామెను పిలిచారు, ఆ రోజు మూట మీద చెయ్యి పెట్టి కూర్చున్నామెనే. సుభాషిణి మూటను గుండెకు అదుముకొని కూర్చుంది. అటు చూడలేకపోయింది.

సారంగపాణి ఇంటికొచ్చాడు. సగం మనిషి వచ్చాడు. కిలో చక్కెర లేపాలంటే రెండు చేతులూ కావాలి. నాలుక చచ్చిపోయింది. పప్పు పెట్టినా, పచ్చడి పెట్టినా, "ఊక తిన్నట్టున్నది" అనేవాడు. నెల పోయింది, మూడు నెలలు పోయాయి. ఆయన ముందర కంచం పెట్టడానికి సుభాషిణికి చెయ్యి రాకుండా అయింది.

శ్రావణంలో పార్కు మళ్లీ తెరిచారని గోపాల్ కబురు తెచ్చాడు. ఈసారి వ్యానుతో సహా వచ్చాడు.

"వద్దు" అంది సుభాషిణి.

"ఏందే, ఇరవై ఏడేండ్లు నన్ను సతాయించి ఇప్పుడు వద్దంటవా?"

"పోతే సద్ది విప్పాలె. విప్పేదాంక మీరు బాట మీదున్నట్టే. విప్పినంక ఏమైతదో నాయనమ్మ చెప్పలేదు."

సారంగపాణి పోయి వ్యానులో కూర్చున్నాడు. ఇక ఆమెకు మూట పట్టుకొని ఎక్కక తప్పలేదు.

పార్కు గేటు కొత్త రంగు వేసి ఉంది. జనం లేరు. సెక్యూరిటీ అతను సుభాషిణి చేతిలో మూట చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, బయటి తిండి లోపలికి పోనియ్యరు."

"నాయనా, పదిహేడు నెలల సంది కట్టి ఉన్న సద్ది ఇది."

"అయినా పోనియ్యరు మేడం. రూలు."

సారంగపాణి గేటులోంచి లోపలికి చూశాడు. చక్రం గోడ మీదుగా కనిపిస్తోంది, ఖాళీ తొట్లతో మెల్లగా తిరుగుతోంది. గేటు నుంచి అక్కడిదాకా పొడుగాటి సిమెంటు బాట.

"అంత దూరం నడుస్తనా, సుభా?"

ఆమె బాట చూసింది, ఆయన కాళ్లు చూసింది. "వద్దు. ఈడనే కూసుందాం."

గోడ నీడలో జంపఖానా పరిచింది. మూట మధ్యలో పెట్టింది. ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"విప్పు" అన్నాడాయన.

"సల్లగైతే?"

"ఎన్నొద్దులని కాపలుంటవే? అలిసిపోయినవ్. నేను సుత అలిసిన, బాట మీద ఉండి ఉండి. జర దిగనియ్యి."

సుభాషిణి విప్పింది. పదిహేడు నెలల ముడి, పళ్లతో లాగితే గానీ రాలేదు. మూత తీయగానే ఆవిరి తన్నుకొచ్చింది. ఇంగువ, కరివేపాకు, అప్పుడే చిటపటలాడిన ఆవాలు. నాలుగు మైళ్ల దూరంలో హైవే మీద లారీలు ఆగాయి. మొదటి ముద్ద సారంగపాణి చేతిలో పెట్టింది. అది ఆయన నోట్లోకి పోయాక, రెండో ముద్ద ఆకులో పెట్టి సెక్యూరిటీ అతనికిచ్చింది. అతను మాస్కు కిందికి లాగి, ఊదుకోకుండా నోట్లో పెట్టుకొని, "అబ్బా" అని ఎగిరాడు.

అప్పుడు ఆమె అరచేతి కింద గిన్నె చల్లబడటం మొదలుపెట్టింది. వేడి, గోరువెచ్చ, ఆ తరువాత మామూలు స్టీలు. సుభాషిణి గిన్నె వదిలేసి మొగుని మణికట్టు పట్టుకుంది.

సారంగపాణి నములుతున్నాడు. మెల్లగా, ఏదో వెతుకుతున్నట్టు. మింగాడు. మొహం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైంది."

"ఏమన్నరు?"

"ఉప్పే. ఆ రోజు తొందరల మరిచినట్టున్నవ్."

సుభాషిణి తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. గోడ అవతల చక్రం ఎవరినీ ఎక్కించుకోకుండా తిరుగుతూనే ఉంది. ఇద్దరూ తింటూ దాన్ని చూశారు. గిన్నె ఖాళీ అయ్యాక జంపఖానా దులిపి వ్యాను ఎక్కారు. మరునాడు షట్టర్ ఎనిమిదింటికి లేచింది. వాడలో ఒక్క కోడీ కూయలేదు, వాటికీ దిక్కు తోచలేదు.

ఇప్పటికీ తల అడ్డంగా ఊపుతున్నారంటే, నాతో వాదం వద్దు. హైదరాబాద్ దారి పట్టి, ఆ పార్కు గేటు దగ్గర దిగండి. ఆ సెక్యూరిటీ అతను అక్కడే ఉంటాడు. నర్సంపేట మనిషి, బైబిలు మీద చెయ్యి పెట్టి నిజం చెప్పే రకం. చాయ్ ఇస్తే ఇప్పటికీ చల్లార్చుకునే తాగుతాడు. నాలుక చూపించమనండి, మచ్చ ఉంది. పేరు జోయెల్.