మనంలో ఎవరెవరు?

“ఈ పూట మనం పెసరట్లు వేసుకుందామా?” అన్నారు మా ఆయన రఘురామ్, పేపరు మడుస్తూ. అప్పటికి నేను ఒక చేత్తో కుక్కరు మూత బిగిస్తూ, గట్టు మీద గోడకి ఆనించిన ఫోనులో లాభనష్టాల లెక్క ఒకటి చూస్తున్నాను. పెసలు నానబోయలేదు, ఉప్మాయే అన్నాను. “సరే, మనం ఉప్మాయే చేసుకుందాం” అని ఎంతో ఉదారంగా ఒప్పుకుని స్నానానికి వెళ్ళారు.

‘నువ్వు చెయ్యి’ అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళయిన కొత్తలో అందుకు మురిసిపోయాను కూడా. మనం బట్టలు ఆరేద్దాం, మనం పాప ప్రాజెక్టు చేసిపెడదాం, అమ్మ మోకాళ్ళకి మనం తైలం రాద్దాం. ఎంత కలుపుగోలు మనిషో అనుకున్నాను. తీరా చూస్తే ఆ మనంలో ఉన్నది నేనొక్కదాన్నే. అరిచే మొగుడైతే తిరగబడొచ్చు. ఇంత మెత్తగా మాట్లాడే మనిషి మీద కోపం తెచ్చుకుంటే మనకే సిగ్గుగా ఉంటుంది. చూశారా, ఆ మాట నాకూ అంటుకుంది!

ఆయనకి ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, నాకు గురుగ్రామ్‌లో కంపెనీ ఉద్యోగం. ఫరీదాబాద్‌లో ఈ ఫ్లాటు, మాతో పాటు మా అత్తగారు, నాలుగో క్లాసు చదివే మా పాప హాసిని. ఆఫీసులో నేను పని నేర్పిన శ్రుతి ఈ వేసవిలో నాకే మేనేజరైంది. మంచి పిల్లే, ఇప్పటికీ ప్రతి చిన్నదానికీ నా సీటు దగ్గరికే వస్తుంది. ఆ కుర్చీ నాకెందుకు రాలేదని అడిగితే, “ఉషాజీ, మీకు ఎంబీయే ఉండుంటే” అని పైవాళ్ళు నాలుక చప్పరించారు. ఆ చప్పుడు కొన్నాళ్ళు చెవుల్లోంచి పోలేదు. ఆ ఉక్రోషంతోనే ఎంబీయే సీటుకి రాసే క్యాట్ పరీక్షకి కట్టాను. అప్పట్నుంచీ ఆఫీసు క్యాబులో శాతాలు, కూర పోపులో నిష్పత్తులు. “లెక్కలు చేసే వయసు హాసినిది కదమ్మా” అన్నారు అత్తగారు, నవ్వుతూనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకున్నాను.

కాలం-పని లెక్కల దగ్గర మాత్రం నా బండి కదిలేది కాదు. మా వెనకవీధి గదిలో ఉండే కావేరి శనివారాలు మా డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చేది. కరీంనగర్ అమ్మాయి, సివిల్స్ రాసి రాసి విసిగి నాలాగే క్యాట్ వైపు తిరిగింది. ఒకరోజు నా పేపరు చూసి తల పట్టుకుంది. ‘ఏ’ ఒక్కడే చేస్తే పన్నెండు రోజులు, బి ఒక్కడే చేస్తే ఇరవై నాలుగు, ఇద్దరూ కలిసి చేస్తే ఎన్ని రోజులు? నేను పన్నెండు అని రాశాను.

“ఆంటీ, మల్ల గట్లనే చేసిన్రు. ఇద్దరు కలిసి చేస్తుండ్రు కదా! బి పనిని లెక్కల ఎందుకు కలుపుతలేరు?”

ముందటి పేపర్లు తిరగేస్తే అన్నిట్లోనూ అదే తప్పు. ఇద్దరూ కలిసి అని కనిపించగానే నా చెయ్యి దానంతటది ఒక్కరి లెక్కే వేస్తోంది. ‘ఏ’ మధ్యలో వెళ్ళిపోయాడనే లెక్కలైతే మొదలే పెట్టకుండా వదిలేశాను. ఎలా వెళ్ళిపోతాడు, పని ఆగిపోదూ?

“ఆగదాంటీ,” అంది కావేరి. “‘ఏ’ నడిమిట్ల పోతే మిగిలింది బి చేస్తడు. జర లేటయితది, గంతే.”

నవ్వబోయాను, నవ్వు రాలేదు.

పొగమంచుకి బళ్ళు మూసేశారు. హాసినికి ఇంట్లోనే ఆన్‌లైన్ క్లాసులు, ఖాళీ దొరికితే నా దగ్గర తెలుగు పాఠం. హిందీలో మేము అన్నా హమ్, మనం అన్నా హమ్, మరి రెండు మాటలెందుకని అడిగింది. ఎదుటివాళ్ళని కలుపుకోకపోతే మేము, కలుపుకుంటే మనం అని చెప్పాను. కాసేపు పెన్సిలు కొరికి, “తో పాపా జబ్ మనం బోల్తే హైఁ, ఉస్‌మే పాపా భీ హైఁ క్యా?” అంది. నాన్న మనం అన్నప్పుడు అందులో నాన్న కూడా ఉంటాడా అని దాని అనుమానం. దానికి ఎగతాళి తెలీదు, నిజంగానే వ్యాకరణం అడుగుతోంది. పాఠం చూసుకోమని కసిరాను. కసిరినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

పరీక్ష ఆదివారం. ఆ ముందు బుధవారం ఆయన హుషారుగా ఇంటికొచ్చారు. “ఆదివారం మధ్యాహ్నం మనం పార్థసారథి గారి ఫ్యామిలీకి భోజనాలు పెడుతున్నాం. గారెలు, పులిహోర, గుత్తివంకాయ. మన వంటకి మొహం వాచిపోయి ఉన్నారు పాపం.” పార్థసారథి గారంటే మా ఆయన పైఆఫీసరు, ఈయన కోరుకుంటున్న హైదరాబాద్ బదిలీ ఆ చేతిలోనే ఉంది. ఆ రోజే నా పరీక్ష అన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. అరెరే, మర్చిపోయాను అని నుదురు కొట్టుకున్నారు. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, “పరీక్షెక్కడికి పోతుంది ఉషా? వచ్చే ఏడాది రాద్దాంలే మనం” అన్నారు.

అత్తగారు కూడా, పెద్దవాళ్ళని పిలిచి వద్దంటే ఏం బాగుంటుందమ్మా అన్నారు. ఊరుకున్నాను కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నారు, ఎప్పటిలాగే. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, ఉల్లిపాయ తరిగే సాకైనా లేకుండా. గారెల పిండి రుబ్బటం, పులిహోర కలపటం, ఇన్నేళ్ళుగా చేతికి అలవాటైన పనులన్నీ నాకు లెక్కల్లా కనిపించాయి. ఎన్నడూ సరిగ్గా చెయ్యని లెక్కలు. బి పని కూడా కలపాలన్న సంగతి నాకెందుకు తోచలేదు? వచ్చే ఏడాది బదిలీ అయి ఏ ఊళ్ళో ఉంటామో, అక్కడ మనం ఎవరికి భోజనాలు పెడుతుంటామో.

శనివారం గుత్తివంకాయకి పొడి కొట్టి డబ్బాలో పోశాను. మినప్పప్పు నానబోశాను. నన్ను చూసి ఆయన స్థిమితపడ్డారు.

ఆదివారం తెల్లారి అందరికీ కాఫీ కలిపాను. హాల్ టికెట్టు, ఆధార్ కార్డు సంచిలో పెట్టుకున్నాను. సెంటరు గ్రేటర్ నోయిడాలో, ఉదయం బ్యాచి. క్యాబు గేటు దగ్గరుందని మెసేజ్ వచ్చింది. బయట ఎదుటి టవరు కనిపించనంత పొగ. చెప్పులు వేసుకుంటుంటే కాఫీ గ్లాసుతో ఆయన హాల్లోకి వచ్చి, ఈ పొగలో ఇంత పొద్దున్నే ఎక్కడికి అన్నారు.

“పరీక్షకండీ. పప్పు నానింది. వంకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, పొడి డబ్బాలో ఉంది.”

ఆయన నన్నూ, వంటింటినీ మార్చి మార్చి చూశారు. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇంకాస్త నిలబడితే చెప్పులు విప్పేస్తానేమోనని భయమేసింది.

“మరి రుబ్బటం, గారెలు వెయ్యటం... అదంతా ఎలా ఉషా?”

“దానికేముందండీ,” అన్నాను, అచ్చం ఆయన అన్నంత మెత్తగా. “మనం వేసేద్దాం.”

తలుపు దగ్గరగా వేసి, లిఫ్టు ఎక్కాను.