పొసగని సమాధానము

వైశాఖము ముగియవచ్చినది. దిగువ మదనపల్లె మైదానమున ప్రచండ భానుకిరణ సంతాపమునకు బీటలువారిన చేలు నిట్టూర్పులు విడుచుచుండగా ఎగువ ఏనుగు మల్లమ్మ కొండ శిఖరమున మాత్రము నీలగిరి తరువుల సన్నని యాకుల నడుమ ప్రభాతవాయువు ఘాటైన తైలగంధమును మోసికొని మెల్లమెల్లగ సంచరించుచుండెను. లోయలనుండి లేచిన తెలిమంచు తెరలు నల్లని శిలాగ్రములను తాకి విడివడుచుండెను. అరుణకుసుమభార వినమ్రములైన తురాయి కొమ్మలక్రింద రాలిన పూరేకులు బాటపొడవునను ఎఱ్ఱని తివాచివలె పఱచుకొని యుండెను.

ఆ బాట చివరనున్న పెంకుటింటి సభామందిరమున దేశము నలుమూలలనుండి వచ్చిన ఇరువదినలుగురు యువపండితులు సమావేశమైయుండిరి. మనుజుడు నాయకుని వెంట ఏల నడచును, గుంపులో కలిసినంతనే తన కన్ను చూచినదానిని తానే యేల కాదనును, ఓటు వేయు వ్రేలి వెనుకనున్న మనస్సు ఎట్టిది యను ప్రశ్నలను మూడువారములపాటు మథించుటకై యేర్పడిన రాజకీయ మనోవిజ్ఞాన గ్రీష్మ పాఠశాల యది. దానికి అధ్యక్షురాలు ఆచార్య విశాలాక్షి. డెబ్బదియేండ్లు దాటిన యా శుక్లకేశిని కంఠస్వరము సన్నగిలినను ఆమె పెదవి కదలినంతనే సభ యెల్ల నూపిరి బిగబట్టి వినుచుండెను.

శిష్యగణమున నాగవేణి యను యువతి యొకతె యుండెను. ధర్మవరమున మగ్గము నేయువాని కూతురు. మితభాషిణి, కుశాగ్రబుద్ధి. ఒక కుటుంబముతో నెవ్వరును పలుకరాదని యూరు విధించు కట్టునకు జనులేల లోబడుదురో తెలిసికొనగోరి యామె నాలుగేండ్లు పండ్రెండు గ్రామములు తిరిగి ఆఱువందల పండ్రెండుగురిని ప్రశ్నించి యొక సిద్ధాంతమును నిర్మించెను. ఆ గ్రంథమును ఆషాఢమాసాంతమునకు సమర్పించినచో నొక విశ్వవిద్యాలయమున నధ్యాపకపదవి యామెకు సిద్ధముగ నుండెను.

అయిదవనాడు నాగవేణి తన సిద్ధాంతమును సభకు నివేదించెను. భయమే సమూహమునకు బంధనసూత్రమనియు, పరాధీనజీవనుడు ఒంటరిగ ఊరిని ఎదిరింపజాలడనియు, కావున తలవంచుట నేరము కాదు ప్రకృతిధర్మమనియు పటములతోడను గణితముతోడను నామె నిరూపించుచుండగా సభికులు పదేపదే కరతాళధ్వనులు చేసిరి. విశాలాక్షి మాత్రము కన్నులు మూసికొని విని యిట్లనెను.

"అమ్మాయీ, నీ సూత్రమునకు లొంగనివారు ఒక్కరును లేరా?"

"ముగ్గురున్నారండీ. ప్రశ్న యర్థముగాక చెప్పిన సమాధానములని త్రోసివేసితిని."

"ఏమని చెప్పిరి?"

"ఒక వృద్ధురాలిని ఊరిపెద్దకు భయపడుదువా యని యడిగితిని. చాల భయమనెను. ఆయన మాట నెన్నడైన మీఱితివా యని యడిగితిని. దినదినము మీఱితిననెను. రెండును నిజములు కాజాలవు గదండీ."

"కాజాలవని చెప్పినది ఆమెయా, నీవా?"

నాగవేణి తన కాగితములలో వెదకి యా సమాధానమును బయటికి తీసెను. ఆ వృద్ధురాలి గ్రామము ఈ కొండక్రిందనే యున్నదని తెలిసి విశాలాక్షి చిఱునవ్వు నవ్వి "అట్లయిన ఆమెను సగౌరవముగ తోడ్కొనిరమ్ము. మనమందఱమును విందుము" అనెను.

అటుపిమ్మట మూడవనాటి యుదయమున నాగవేణి స్వయముగ జీపులో దిగువకుబోయి కుళ్లాయమ్మ యను ఆ వృద్ధురాలిని తీసికొనివచ్చెను. అఱువదియైదేండ్ల ప్రాయము. ఎండకు కమిలి నల్లబడిన మేను. కలుపుతీసి తీసి వంగిన నడుము. సభామధ్యమున వేసిన మెత్తని కుర్చీని చేతితో నొక్కి చూచి నేలమీద కూర్చుండబోయి, అందఱు వలదనగా ఆ కుర్చీలోనే కాళ్లు ముడుచుకొని బాసిపట్టు వేసికొని యామె కూర్చుండెను. యువపండితులు లోలోన నవ్వుకొనిరి. వారిలో అహోబలరావను యువకుడు కలము తెఱచి సిద్ధముగ నుండెను.

"ఏడేండ్ల కిందట మా ఊర్లో ఎలచ్చన్లు వచ్చె" అని కుళ్లాయమ్మ మొదలిడెను. "పెద్దాయన చెప్పిన మనిషికి ఎదురుగా గంగులమ్మ మొగుడు నిలబడె. దాంతో వాళ్లింటికి కట్టు పెట్టిరి. కొళాయికాడికి రాగూడదు, అంగట్లో సరుకు ఇయ్యగూడదు, ఎవురూ పలకరించగూడదు అనిరి. ఊరంతా ఊ అనె. నేనుగూడా ఊ అంటి."

"ఊ అన్నదానవు మఱి యేమి చేసితివవ్వా?" అని అహోబలరావు అడిగెను.

"రెండోనాడు పొద్దున్నే కొళాయికాడ కడవ నింపుకొని ఇంటికి పోవల్లని బయల్దేరితి నాయనా. కాళ్లు ఆ పక్కకు తిరిగె. వాళ్ల గడప ముందర కడవ దించి వచ్చేస్తి. మర్నాడూ అట్లనే పోతి."

"వారు నీకు బంధువులా? నీ కులమువారా?"

"యాడ బంధువులు! నా మేక వాళ్ల చేన్లో పడిందని మూడేండ్లుగా గంగులమ్మకూ నాకూ మాటల్లేవు. నీళ్లు పెట్టినాక గూడా ఆ యమ్మ పలకల్యా. నేనూ పలకల్యా."

సభ గొల్లుమని నవ్వెను. ముసలిదియు బోసినోటితో నవ్వెను. అపుడు నాగవేణి లేచి నిలిచి "నీకు భయము కలుగలేదా అవ్వా?" అని ప్రశ్నించెను.

"కలగకేమి పాపా! ఆ పొద్దు నువ్వడిగితే చెప్తి గదా. ఆయన చేన్లో కూలికి పోతేనే నాకు కూడు. కాళ్లు గడగడా వణికె. కడవలో సగం నీళ్లు నా చీరమీదనే పడె. మిగిలిన సగమే వాళ్లకు."

నవ్వులు మాసిపోయెను. కుళ్లాయమ్మ తనపాటికి తాను చెప్పుకొనిపోయెను. నాలుగవనాడు పెద్దాయన మనుషులు దారికడ్డము నిలిచి మట్టికడవ పగులగొట్టిరట. మఱునాడామె తల్లి యిచ్చిన ఇత్తడిబిందె తీసెనట. "దాన్నీ రాయితో కొట్టిరి. సొట్ట పడె గానీ పగల్లా" అని చెప్పుచు నామె బిందెయంత వెడల్పున చేతులు చాచి చూపెను. ఊర కూలికి పిలుచువారు లేకపోగా ఏడాదిపాటు ప్రతిదినమును పొరుగూరికి నడచి కలుపు తీసెనట. పదునొకండవనాటి యుదయమున గంగులమ్మ గడపవద్దకు పోవునప్పటికి అచట అదివఱకే వేఱొక బిందె నిండుగ నుండెనట. ఎవరు పెట్టిరో కుళ్లాయమ్మ యడుగలేదు, ఎవరును చెప్పలేదు. మఱునాటికి మూడయ్యెను. నెల తిరుగకమున్నే జనులు ఆ యింటికి ఎప్పటివలె వచ్చుచు పోవుచుండిరి. కట్టు తీసివేసితిమని చాటించినవారు లేరు. ఉన్నదని గుర్తుచేసినవారును లేరు.

"అంత భయపడుచు నేల చేసితివమ్మా?" అని చివరకు విశాలాక్షి మెల్లగ నడిగెను.

సభికులెల్లరు ముందునకు వంగిరి.

"నీళ్లు గదా తల్లీ" అనెను ముసలిది. "దానికి ఏం పేరో మీరే సదువుకున్నోళ్లు, మీరే చెప్పల్ల."

ఏండ్లతరబడి గ్రంథరాశిలో మునిగి మానవహృదయమును కొలుచు కోలలను సానబట్టుచు వచ్చిన యిరువదినలుగురు, బాసిపట్టు వేసికొని కూర్చున్న ఆ కృశాంగిని సముద్రమును మొదటిమాఱు చూచువారివలె చూచుచుండిరి. అహోబలరావు చేతి కాగితముపై నొక్క యక్షరమైన పడలేదు. భయము లేనివారే ఎదిరింతురని వారు చదివియుండిరి. వణకుచునే నడచిన కాళ్లను గుఱించి వారికెవ్వరును చెప్పియుండలేదు. అపుడు ఆచార్య విశాలాక్షి కష్టముమీద లేచి వచ్చి ఆమె యెదుట చేతులు జోడించెను.

"అయ్యో, నాకంటే పెద్దదానివి, నాకెందుకు మొక్కుతావు!" అని కుళ్లాయమ్మ తత్తఱపడి కుర్చీ దిగెను.

నాగవేణి యింకను నిలిచియే యుండెను.

"నేనొక మాట చెప్పవలెను" అనెను. "నా పదునాఱవయేట మా వసతిగృహమున ఎన్నికలు జరిగెను. అందఱు మెచ్చిన పిల్లకు పోటీగ భూలక్ష్మి నిలిచెను. ఆమెతో నెవ్వరును పలుకరాదని పెద్దపిల్లలు శాసించిరి. భూలక్ష్మి మంచము నా మంచము ప్రక్కనే. ఒక్క కంచమున తినినవారము. నేనును పలుకుట మానితిని. రాత్రులామె పేరుపెట్టి పిలిచినను గోడవైపు తిరిగి పరుంటిని. తుదకామె చదువు మాని వెడలిపోయెను. ఆ మూడు సమాధానములను తప్పులని నేను త్రోసివేయలేదు. అవి నిజములైనచో నాకు నిలువ నీడ లేకపోవునని త్రోసివేసితిని. నా సిద్ధాంతమంతయు నన్ను నేను క్షమించుకొనుటకు వ్రాసికొన్నది."

కుళ్లాయమ్మ యామె దగ్గఱకు వచ్చి నిలిచెను.

"ఆ పిల్ల యాడుంది ఇప్పుడు?"

"తెలియదవ్వా."

"బతికుందా?"

"ఉండియుండును."

"మల్ల ఈడ నిలబడి ఏడిస్తే ఏమొస్తుంది పాపా? పోయి ఎతుక్కో."

సాయంకాలము కుళ్లాయమ్మను ఇంటికి సాగనంపి నాగవేణి కొండయంచున నిలిచి క్రిందికి చూచెను. వాలుచున్న యెండలో వందలకొలది పల్లెలు కనుచూపుమేర వఱకు గుప్పెడు గుప్పెడు గవ్వలు చల్లినట్లు కనబడుచుండెను. ప్రతిదినమును తాను పటములలో చుక్కలుగ చూచినవే. ఆ కప్పుల క్రింద తాము చేసినది గొప్పయని యెఱుగక, అడిగిన వారు లేక, చెప్పుకొను తలంపైన లేక యెందఱు కలరో యని యోచించినకొలది ఆమెకు మేను గగుర్పొడిచెను. అంత విశాలమైన దానిని ఆఱువందల పండ్రెండు కాగితములలో చుట్టి కట్టితినని గర్వించినందులకు సిగ్గును, అది కట్టుబడనందులకు చెప్పనలవికాని సంతోషమును ఒక్కమాఱె కలిగెను.

గ్రంథసమర్పణము మానుకొందునని చెప్పినపుడు విశాలాక్షి "పదవి చేజాఱును. రెండేండ్లు వెనుకబడుదువు" అని హెచ్చరించెను. "ఆ ముగ్గురినుండి మరల మొదలిడెదనండీ" అని నాగవేణి బదులు చెప్పెను. పదవి చేజాఱెను. పాఠశాల ముగిసిన దినముననే యామె భూలక్ష్మిని వెదకుటకు బయలుదేరెను. వసతిగృహపు పాత చిరునామాతో నొక యూరు, అచటివారు చెప్పిన గుర్తుతో నింకొక యూరు తిరిగి తుదకు శ్రావణమున నొక మధ్యాహ్నమున గుంతకల్లులో నొక రైల్వే వీథిలోని చిన్నయింటి తలుపు తట్టెను.

తలుపు తెఱచిన స్త్రీ చేతివ్రేళ్లకు సుద్దముక్క పొడి యంటియుండెను. పిల్లలకు పాఠములు చెప్పుకొను జీవనమని తెలియుచుండెను. ఆమె యొకచేత దారికడ్డముగ ద్వారబంధమును పట్టుకొని, వచ్చినదెవరో యని చూచి గుర్తుపట్టి, ఆ చేయి తీయక నిలిచెను.

"భూలక్ష్మీ" అని నాగవేణి పలికెను. "నలుబది దినములు నీతో పలుకనైతిని. ఆ మాట చెప్పుటకే వచ్చితిని."

"నలభై మూడు" అనెను భూలక్ష్మి.

వీథిలో నెండ మండుచుండెను. దూరమున గూడ్సుబండి యొకటి పెట్టె వెంట పెట్టెగ సాగిపోవుచుండగా నిరువురును దాని చప్పుడు పూర్తిగ నడగువఱకు ఒకరినొకరు చూచుచు నిలిచియుండిరి. కాళ్లు వణకుచున్నవని నాగవేణి యెఱుగును. అయినను వెనుకకు తిరుగలేదు. అంత భూలక్ష్మి దారికడ్డముగ నుంచిన చేతిని మెల్లగ దించెను.